చెడగొడితేనే పనికొచ్చిన బాక్టీరియా - 631 నంబరు వెనక చరిత్ర

చిప్స్ పాకెట్టో, నూడుల్స్ పాకెట్టో తిప్పి చూస్తే వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో కొన్ని నంబర్లు ఉంటాయి. 627, 631, లేకపోతే ఆ రెండూ కలిపి 635. పక్కన "ఫ్లేవర్ ఎన్‌హాన్సర్" అని రాస్తారు. ఒకప్పుడు ఆఫీసు మెయిల్ బాక్సుల్లో, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో ఈ 631 మీద తిరిగినన్ని ఫార్వర్డులు బహుశా ఇంకే నంబరు మీదా తిరిగి ఉండవు. "631 అంటే పంది కొవ్వు, శాకాహారులారా జాగ్రత్త" అన్నది వాటన్నిటి సారాంశం. ఇంకో పదిమందికి పంపండి అన్న పుణ్యవాక్యం చివర్లో ఎలాగూ ఉంటుంది.

ముందు ఈ ఫార్వర్డు సంగతి తేల్చేసి చరిత్రలోకి వెళ్దాం. 631 కొవ్వు కాదు. దాని పేరు డైసోడియం ఇనోసినేట్. మన ఒంట్లో, బాక్టీరియా ఒంట్లో ఆర్ఎన్ఏ, డీఎన్ఏ కట్టడానికి కావాల్సిన ఇటుకలు తయారయ్యే దారిలో వచ్చే ఒక మజిలీ అది. చేపల కండలో, మాంసంలో సహజంగానే ఉంటుంది, కావాలంటే వాటి నుంచి తీయొచ్చు కూడా. కాబట్టి "ఇది శాకాహారమేనా?" అని అడగడం తప్పు కాదు. జవాబుగా తిరుగుతున్నదే తప్పు. 1960ల నుంచీ ఈ సరుకు పరిశ్రమలో ముఖ్యంగా రెండు దారుల్లో తయారవుతోంది. ఒకటి ఈస్టులో ఉన్న ఆర్ఎన్ఏని ముక్కలు చెయ్యడం. రెండోది చక్కెర తిని పెరిగే బాక్టీరియా చేత తయారు చేయించడం. ఈ రెండో దారి కథే నాకు భలే నచ్చింది. ఎందుకంటే ఆ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నంతకాలం మనకి చుక్క కూడా ఇవ్వదు. దాన్ని ఎక్కడ చెడగొట్టాలో తెలుసుకుని, కరెక్టుగా అక్కడే చెడగొడితేనే ఇస్తుంది. "పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకు" అనే సూత్రం మీద బతికే మనబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెలుసుకోవాల్సిన కథ.

ఇనోసినిక్ ఆమ్లం కొత్త సరుకేమీ కాదు. 1847లోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గొడ్డు మాంసం పులుసులోంచి దాన్ని వేరు చేశాడు. పేరు కూడా కండని సూచించే గ్రీకు మాట నుంచే పెట్టాడు. కానీ దానికీ రుచికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరూ పట్టుకోలేదు. ఆ ముడి విప్పింది జపాన్ వాళ్ళు. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఇకెదా కికునాయే అనే ప్రొఫెసరు, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారుకి అంత రుచి ఎందుకొస్తోందా అని వెతికి గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే, అంటే 1909లో, అది అజినోమోటో పేరుతో అంగట్లోకి వచ్చింది. జపాన్ వాళ్ళ చారులో కొంబుతో పాటు పడే రెండో దినుసు కత్సుఒబుషి. ఒక రకం ట్యూనా చేపని ఉడికించి, పొగబెట్టి, కర్రలా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు తురుముతారు. ఇకెదా శిష్యుడు కొదామా షింతారో 1913లో ఈ కత్సుఒబుషి రుచికి కారణం ఇనోసినిక్ ఆమ్లపు లవణమని చెప్పాడు.

ఇక్కడ మన వాడొకాయన ప్రస్తావన తేవాలి. బలవంతాన ఇరికించడం లేదు, నిజంగానే సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీ అనే పదార్థాన్ని కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుక్కున్నాడు. ప్రాణమున్న ప్రతి కణానికీ ఏటీపీయే రోజువారీ ఖర్చుకి చిల్లర డబ్బు. చేప చచ్చిపోయాక కొత్త ఏటీపీ తయారు కాదు, ఉన్నది మాత్రం మెట్టు మెట్టుగా విరుగుతూ పోతుంది. ఏటీపీ, ఏడీపీ, ఏఎంపీ, ఆ తర్వాత మజిలీ ఐఎంపీ, అంటే మన ఇనోసినిక్ ఆమ్లమే. ఎండు చేపలో ఉన్న రుచి చాలామటుకు ఆ చేప బతికున్నప్పుడు ఈత కొట్టడానికి దాచుకున్న ఏటీపీ తాలూకు శిథిలమన్నమాట. కత్సుఒబుషికైనా, మన కోస్తాలో దొరికే ఎండు నెత్తళ్ళకైనా ఇదే లెక్క.

కొదామా కనుక్కున్నది 1913లో. సరుకు మార్కెట్లోకి వచ్చింది 1961లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్ళు ఏమైనట్టు? గ్లుటమేట్ అయితే గోధుమల్లోని గ్లూటెన్‌ని ఆమ్లంలో మరిగించి తీసేసేవాళ్ళు. ఇనోసినిక్ ఆమ్లానికి అలాంటి చవక దారి లేదు. చేపల నుంచి తీస్తే ఆ రుచి కంటే చేపే చవక. అందుకని ఆ పరిశోధన అలా పుస్తకాల్లో ఉండిపోయింది.

1950ల్లో దాన్ని మళ్ళీ బయటికి తీసినవాడు కునినాకా అకిరా. ఆయన పనిచేసింది యమాసా అనే సోయా సాస్ కంపెనీలో. 1645లో టోక్యోకి తూర్పున సముద్రపు ఒడ్డున చోషి అనే ఊళ్ళో పెట్టిన కంపెనీ అది. ఈయన ఆలోచన సూటిగా ఉంటుంది. ఈస్టులో ఆర్ఎన్ఏ బోలెడు ఉంటుంది, ఈస్టు చవక. ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తే న్యూక్లియోటైడ్లు వస్తాయి, అవి ఇనోసినిక్ ఆమ్లానికి అన్నదమ్ములే. మరి ముక్కలు చేస్తే రుచి రావాలి కదా? రాలేదు. క్షారంతో విరగ్గొడితే వచ్చిన ముక్కలకి ఉమామి రుచే లేదు.

ఎందుకో ఆయన పట్టుకున్న తీరు చూస్తే మనకి ఇండెక్సు తప్పు వల్ల వచ్చే బగ్గులు గుర్తొస్తాయి. న్యూక్లియోటైడ్‌లో మధ్యన ఒక చక్కెర ఉంటుంది. దానికి ఒక పక్క బేస్, ఇంకో పక్క ఫాస్ఫేట్ తగిలించి ఉంటాయి. చక్కెరలోని కర్బన పరమాణువులకి నంబర్లు వేస్తే, ఫాస్ఫేట్ రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉండొచ్చు, ఐదో స్థానంలో ఉండొచ్చు. ఐదో స్థానంలో ఉంటేనే నాలుకకి తెలుస్తుంది. అణువులో పరమాణువులు అన్నీ అవే, లెక్క అంతా అదే, తగిలించిన చోటు మారిందంతే. క్షారం ఆర్ఎన్ఏని విరగ్గొట్టినప్పుడు ఫాస్ఫేట్ రెండు, మూడు స్థానాల్లో మిగిలిపోతుంది. ఐదో స్థానంలో మిగిలేలా కత్తిరించే ఎంజైము పాము విషంలో ఉందని అప్పటికే తెలుసు. కానీ పాము విషంతో మసాలా పొడి తయారుచేసే కంపెనీ ఎంతకాలం నడుస్తుంది చెప్పండి! అందుకని బూజుల మీద పడ్డాడు. పెనిసిలియం సిట్రినం అనే బూజులో కావాల్సిన ఎంజైము దొరికింది. దాన్నే ఇప్పుడు న్యూక్లియేజ్ పీ1 అంటారు. ఇదే వేటలో ఉన్న తాకెదా కంపెనీ వాళ్ళకి స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవిలో దొరికింది.

ఈ పనిలోనే కునినాకాకి ఇంకో రెండు నిధులు దొరికాయి. ఒకటి, ఇనోసినేట్‌తో పాటు గ్వానిలేట్‌కి కూడా ఉమామి ఉందని. అదే మన 627. ఎండిన షిటాకే పుట్టగొడుగుల రుచి దానిదేనని కొద్దికాలంలోనే తేలింది. రెండోది ఇంకా పెద్దది. గ్లుటమేట్‌తో ఈ న్యూక్లియోటైడ్లని కలిపితే రుచి కూడిక కాదు, గుణకారం. విడివిడిగా ఉన్నప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువగా తెలుస్తుంది. జపాన్ వంటవాళ్ళు కొంబు, కత్సుఒబుషి కలిపి కాయడానికీ, మన వాళ్ళు టమాటాలో ఎండు నెత్తళ్ళు వెయ్యడానికీ వెనక ఉన్న కిటుకు ఒకటే. టమాటాలో గ్లుటమేట్, నెత్తళ్ళలో ఇనోసినేట్. దీనికి కారణం మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. నాలుక మీద ఉమామి గ్రాహకం ఏదో 2002లో తేలింది. గ్లుటమేట్ ఆ గ్రాహకంలో దూరాక, ఇనోసినేట్ పక్కనే ఇంకో చోట కూర్చుని ఆ తలుపు మూసుకుపోయి ఉండేలా పట్టి ఉంచుతుందని 2008లో తేల్చారు. సోలో మోత వేసినట్టు అనుకోండి, కొలతకి కొలతా, పైన ఇంకొంచెం.

1961 నాటికి యమాసా ఈస్టు ఆర్ఎన్ఏ నుంచి అమ్మకానికి సరుకు తీసింది. కానీ ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఆర్ఎన్ఏని కత్తిరిస్తే నాలుగు రకాల ముక్కలూ దాదాపు సమానంగా వస్తాయి. జీఎంపీ ఉన్నదున్నట్టు పనికొస్తుంది. ఏఎంపీని ఇంకో ఎంజైముతో ఐఎంపీగా మార్చుకోవచ్చు. మిగతా రెండూ, సీఎంపీ, యూఎంపీ, వీటికి ఉమామి రుచి లేదు. అంటే వచ్చిన దాంట్లో సగం ఎటూ కాకుండా మిగిలిపోతుంది. ఈ మిగిలిపోయిన సగం గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

అలా కాకుండా నేరుగా ఐఎంపీ ఒక్కటే తయారుచేసే బాక్టీరియా ఉంటే? ఆశ పుట్టడానికి కారణం కళ్ళముందే ఉంది. 1956లో క్యోవా హక్కో కంపెనీలో కినోషితా షుకువో బృందం, చక్కెర తిని గ్లుటమేట్‌ని బయటికి వదిలే బాక్టీరియాని మట్టిలోంచి పట్టుకుంది. ఆ దెబ్బతో గోధుమ గ్లూటెన్ పద్ధతి మూలపడింది. గ్లుటమేట్‌కి జరిగింది ఐఎంపీకి ఎందుకు జరగదు అన్నది ప్రశ్న.

జరగదు. ఎందుకంటే బాక్టీరియా మహా పిసినారి. ఐఎంపీ లాంటి ప్యూరిన్ ఒకటి కట్టాలంటే పదీ పదకొండు మెట్లు, వాటిలో చాలా మెట్లకి శక్తి ఖర్చు. అంత ఖరీదైన సరుకుని అవసరానికి మించి చెయ్యడం, చేసి బయట పారబోయడం చేసే జీవి కోట్ల ఏళ్ళ పోటీలో బతికి బట్టకట్టదు. అందుకని ప్రతి దారికీ ఒక కాపలా ఉంటుంది. చివరి సరుకు పోగుపడగానే అది వెనక్కి వెళ్ళి మొదటి మెట్టు దగ్గరున్న ఎంజైముని ఆపేస్తుంది. మన సర్వర్లలో లోడు ఎక్కువైతే కొత్త రిక్వెస్టులు తీసుకోవడం ఆపే థ్రాట్లింగ్ లాంటిదే. దీన్ని ఫీడ్‌బ్యాక్ ఇన్‌హిబిషన్ అంటారు. 1956లో అమెరికాలో అంబార్గర్ ఒక అమైనో ఆమ్లం విషయంలో, యేట్స్, పార్డీ ఇద్దరూ పిరిమిడిన్ల విషయంలో దీన్ని చూపించారు.

అసలు ప్యూరిన్ దారి మ్యాపు ఎలా దొరికిందో కూడా చెప్పుకోవాలి. 1940ల చివర జాన్ బుకానన్ బృందం పావురాలకి ఐసోటోపు గుర్తు పెట్టిన చిన్న చిన్న పదార్థాలు ఇచ్చి, వాటి రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లాన్ని విప్పి చూసింది. పక్షులు వదిలే తెల్లటి రెట్టలో ఉన్నది ప్యూరినే మరి. గుర్తు పెట్టిన పరమాణువు ఉంగరంలో ఏ స్థానానికి చేరిందో చూస్తూ, ఏ ఇటుక ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకున్నారు. తర్వాత పదేళ్ళలో బుకానన్, గ్రీన్‌బర్గ్ వంటివాళ్ళు పావురం కాలేయంతో మెట్లన్నీ ఒక్కొక్కటే తేల్చారు. పావురం రెట్టకి గ్రాంటు ఎందుకు అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే సమాధానం చెప్పడం కష్టమే. కానీ ఆ మ్యాపు లేకపోతే ఎక్కడ చెడగొట్టాలో తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. ఐఎంపీ ఈ దారిలో ఒక జంక్షన్, మన బెజవాడ లాంటిది. అక్కడి నుంచి ఒక లైను ఏఎంపీకి, ఇంకో లైను జీఎంపీకి పోతుంది. ఏఎంపీకి వెళ్ళే లైను మీద మొదటి ఎంజైము చెడిపోయిన బాక్టీరియా ఉందనుకోండి. దానికి ఏఎంపీ సొంతంగా రాదు, కాబట్టి అడెనిన్‌ని మనం పెడితేనే బతుకుతుంది. బతకడానికి సరిపడా మాత్రమే, కొసరి కొసరి పెడతాం. అప్పుడు కణంలో ఏఎంపీ ఎప్పుడూ కొరతే. కొరత ఉంది కాబట్టి మొదటి మెట్టు దగ్గరున్న కాపలా దిగదు, గేటు తెరిచే ఉంటుంది. సరుకు వస్తూనే ఉంటుంది, జంక్షన్ దాకా వచ్చి ముందుకు పోలేక పేరుకుపోతుంది. రెండో లైను కూడా కొంత మూస్తే ఇంకా పేరుకుంటుంది. అంతే సంగతి! బాక్టీరియాకి కొత్త విద్య ఏదీ నేర్పలేదు. ఉన్న విద్యలో ఒకటి తీసేసి, ఆకలి మీద ఉంచారు.

చెప్పడానికి బానే ఉంది, అలాంటి బాక్టీరియాని వెతకడం ఎలా? అప్పటికి జన్యువుల్ని కత్తిరించే పనిముట్లు లేవు, అవి 1970ల్లో వచ్చాయి. ఉన్నది ఒకటే దారి. అతినీలలోహిత కిరణాలో, నైట్రోసోగ్వానిడిన్ లాంటి మందో ప్రయోగించి, గుడ్డిగా లక్షల కణాల డీఎన్ఏ చెడగొట్టడం. తెలుగు మీడియం పుస్తకాల్లో ఉత్పరివర్తనం అని భయపెట్టిన మాట అర్థం ఇదే. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం చస్తాయి. బతికిన వాటిలో మనకి కావాల్సిన చోట చెడినది వేలల్లో ఒకటి ఉంటే గొప్ప. దాన్ని ఏరడానికి లెడర్‌బర్గ్ దంపతులు 1952లో చెప్పిన ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. పళ్ళెంలో బాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరిగాక, ఒక మఖమల్ గుడ్డని వాటి మీద అద్ది, రబ్బరు స్టాంపు వేసినట్టు రెండు కొత్త పళ్ళాల మీద వేస్తారు. ఒక పళ్ళెంలో అడెనిన్ ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో మొలవని చుక్క ఏదో అదే మన మనిషి. రెండు ఫైళ్ళకి డిఫ్ తీసినట్టే, కాకపోతే మఖమల్ గుడ్డతో!

1960ల్లో జపాన్ కంపెనీల ల్యాబుల్లో ఈ పని ఏళ్ళ తరబడి నడిచింది. అయితే పేరుకున్న సరుకు కణం లోపల ఉంటే ఏం లాభం, బయటికి రావాలి. ఫాస్ఫేట్ మీద విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఐఎంపీ కణం పొర దాటలేదు. ఇక్కడ ఇద్దరు రెండు దారులు పట్టారు. అజినోమోటో వాళ్ళు బాసిల్లస్ సబ్‌టిలిస్ లాంటి బాక్టీరియాతో వెళ్ళారు. ఆ బాక్టీరియా ఐఎంపీకి ఉన్న ఫాస్ఫేట్‌ని తనే కత్తిరించేస్తుంది. మిగిలిన ఇనోసిన్ పొర దాటి ద్రవంలోకి వచ్చేస్తుంది. దాన్ని వడగట్టి తీసి, ఫాస్ఫేట్‌ని మళ్ళీ రసాయనికంగా తగిలించుకోవాలి. మళ్ళీ ఆ ఐదో స్థానం గొడవ! ఇనోసిన్ మీద ఫాస్ఫేట్ అతుక్కోగల చోట్లు మూడున్నాయి. ఐదో స్థానానికే అతుక్కునేలా చేసే పద్ధతిని యోషికావా, సహచరులు అజినోమోటోలో కనిపెట్టి 1967లో ప్రచురించారు. న్యూక్లియోటైడ్లు తయారుచేసే రసాయన శాస్త్రవేత్తలు ఇప్పటికీ యోషికావా పద్ధతి అని దాని పేరే చెబుతారు.

క్యోవా హక్కో వాళ్ళు మాత్రం ఫాస్ఫేట్‌తో సహా నేరుగా ఐఎంపీయే బయటికి రావాలని పట్టుబట్టారు. వాళ్ళది బ్రెవిబాక్టీరియం అమ్మోనియాజెనెస్. నారా, మిసావా, ఫురుయా, కినోషితా మొదలైనవాళ్ళు గమనించింది ఏంటంటే, తిండిలో మాంగనీసు బాగా తగ్గిస్తే ఈ బాక్టీరియా విభజన ఆగిపోయి, పొడుగ్గా వంకరటింకరగా పెరిగి, పొర కారడం మొదలుపెడుతుంది. మెమరీ లీకు వస్తే మనం రాత్రుళ్ళు మేలుకుని పూడుస్తాం. వీళ్ళు లీకు కోసమే మేలుకున్నారు! అడెనిన్ లేనిదే బతకని మ్యూటెంట్‌ని తీసుకుని, మాంగనీసు కొరతలో పెంచితే లీటరుకి 10 గ్రాములు దాటి ఐఎంపీ వచ్చిందని 1968లో ప్రకటించారు.

ల్యాబులో పనిచేసింది ప్రొడక్షన్‌లో పనిచెయ్యకపోవడం మనకొక్కళ్ళకే ఉన్న శాపం కాదు. ఇక్కడ కావాల్సిన మాంగనీసు కొలత లీటరుకి మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఫ్యాక్టరీకి వచ్చే నీళ్ళలో, చవక చక్కెరలో, స్టీలు ట్యాంకుల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. గాజు ఫ్లాస్కులో కారిన బాక్టీరియా స్టీలు ట్యాంకులో శుభ్రంగా ఆరోగ్యంగా పెరిగి, చేతులు కట్టుకు కూచుంది. పరిష్కారం? నీళ్ళు శుద్ధి చెయ్యడం కాదు, ఇంకోసారి చెడగొట్టడం. మాంగనీసు ఎక్కువున్నా కారుతూనే ఉండే మ్యూటెంట్లని వెతికి పట్టుకున్నారు. అసలు మాంగనీసుకీ విభజనకీ సంబంధం ఏంటో తెలిసింది 1980ల్లో. డీఎన్ఏకి ఇటుకలు అందించే ఎంజైము ఈ బాక్టీరియాలో మాంగనీసు మీద ఆధారపడుతుందని జర్మన్ పరిశోధకులు చూపించారు. అప్పటికే చాలా ఏళ్ళుగా ఆ కిటుకుతో సరుకు తీస్తూనే ఉన్నారు. ముందు పనిచేయించి, ఎందుకు పనిచేస్తోందో తర్వాత తెలుసుకునే అలవాటు ఒక్క సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కాదని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

గ్వానిలేట్ ఇంత తేలిగ్గా లొంగలేదు. అది దారి మధ్యలో జంక్షన్ కాదు, దారి చివర. చివరి సరుకే కాబట్టి కాపలాదారు కూడా అదే. అందుకని ఇంకో ఎత్తు వేశారు. గ్వానిన్‌లా కనిపించే నకిలీ అణువుల్ని, ఉదాహరణకి 8-అజాగ్వానిన్‌ని, తిండిలో కలిపారు. నకిలీని చూసి మోసపోయి గేటు మూసుకున్న బాక్టీరియా, నకిలీని వాడుకున్న బాక్టీరియా చస్తాయి. గేటు మూయడమే చేతకాకుండా చెడిపోయి, అసలు సరుకు కుప్పలుగా తయారుచేసుకున్నది బతుకుతుంది. అలా బతికినదాన్ని తీసుకుని, ఇంకో నకిలీతో మళ్ళీ పరీక్ష. ఒకదాని మీద ఒకటి ఇలా ఎన్నో దెబ్బలు పేర్చుకుంటూ పోతే గ్వానోసిన్ కుమ్మరించే జాతులు వచ్చాయి. క్యోవా వాళ్ళయితే పని రెండు బాక్టీరియాలకి పంచారు. ఒకటి జీఎంపీకి ఒక మెట్టు ముందున్న ఎక్స్ఎంపీ దాకా చేస్తుంది, రెండోది ఆ ఆఖరి మెట్టు ఎక్కిస్తుంది.

ఇలా దశాబ్దాల పాటు దెబ్బల మీద దెబ్బలు తిన్న జాతులు ఎలా ఉంటాయో మీరు ఊహించగలరు. నలభై ఏళ్ళ లెగసీ కోడులా! కావాల్సిన మార్పులు కొన్ని, వాటితో పాటు అనుకోకుండా పడ్డ దెబ్బలు ఎన్నో. నెమ్మదిగా పెరుగుతాయి, కాస్త వేడి తగిలితే కూలబడతాయి. ఏ మార్పు పనికొచ్చేదో, ఏది చెత్తో ఎవరికీ తెలీదు. లైసిన్ అనే అమైనో ఆమ్లం విషయంలో క్యోవా హక్కోకి చెందిన ఓనిషి బృందం 2002లో దీనికో దారి చూపించింది. పాత మ్యూటెంట్ జన్యువుల్నీ, అసలు జాతి జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, పనికొచ్చే మూడే మూడు మార్పుల్ని ఏరి, శుభ్రమైన అసలు జాతిలోకి ఎక్కించారు. ఆ కొత్త జాతి చురుగ్గా పెరుగుతూ, ఎక్కువ వేగంతో లైసిన్ ఇచ్చింది. లెగసీ సిస్టమ్‌ని ఎలా తిరగరాయాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నేనైతే చూడలేదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే, "631 తినొచ్చా" అనే ప్రశ్న కంటే "631 ఎలా వచ్చింది" అనే ప్రశ్న మనకి ఎక్కువ ఉపయోగం. తినడం సంగతి పెద్ద క్లిష్టమేమీ కాదు. దోసెల పిండినీ, పెరుగునీ పులియబెట్టేది సూక్ష్మజీవులే, ఇదీ అలాంటి పనే, ఇంకా కట్టుదిట్టంగా జరుగుతుంది. ఇది ఒంట్లో చివరికి యూరిక్ ఆమ్లంగా మారే పదార్థమన్నది నిజం. గౌట్ ఉన్నవాళ్ళు ప్యూరిన్ల లెక్క చూసుకోవాలి, కానీ పాకెట్టులో చల్లే కొసరు కంటే ప్లేటు నిండా మాంసంలోనే ఆ లెక్క ఎక్కువ. నూడుల్స్ ఒంటికి మంచివని నేను అనడం లేదు సుమా. వాటిని తప్పుపట్టడానికి ఉప్పు, నూనె, మైదా చాలు, పంది కొవ్వు కట్టుకథ అక్కర్లేదు. పచ్చ చుక్క వేసిన కంపెనీ తన సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే చెప్పి తీరాలి. ఆ ప్రశ్న కంపెనీని అడగాలి గానీ, వాట్సాప్‌ని కాదు.

ఎలా వచ్చింది అన్నది చూస్తే మాత్రం ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం వేసినవాడికీ చివర ఏముందో తెలీదు. పావురం రెట్టని విప్పినవాళ్ళు మసాలా గురించి ఆలోచించలేదు. మఖమల్ గుడ్డ అద్దినవాళ్ళు అంతకన్నా లేదు. కొదామాకి తన పని సొమ్ము అవ్వడానికి దాదాపు యాభై ఏళ్ళు పడుతుందని తెలిసి ఉండదు. కానీ ఆ ముక్కలన్నీ చదివి, కలిపి, మిగిలిన పది సంవత్సరాల పని చేసింది సోయా సాస్ కంపెనీ ఉద్యోగులు. మన కంపెనీల్లో మూడు నెలల తర్వాతి సంగతి అడిగితేనే ప్రాజెక్టు మేనేజరు మొహం అదోలా పెడతాడు. మన దగ్గర తెలివికి కొదవలేదు, వెతుకుతూ కూర్చోనిచ్చే ఓపికకే కొదవ. హైదరాబాదులో మందుల ఫ్యాక్టరీలకీ, బయోటెక్ చదివిన పిల్లలకీ లోటు లేదు. మరి ఏ పచ్చళ్ళ కంపెనీలోనైనా "ఆవకాయ మూడో నెలలో ఎందుకంత రుచిగా ఉంటుంది" అని పదేళ్ళు వెతికే ఉద్యోగం ఒక్కటి చూపించండి, చూద్దాం.

ఆ మిగిలిపోయిన సగం సంగతి చెప్పి ముగిస్తాను. రుచి లేని సీఎంపీ, యూఎంపీ ముక్కల్ని పారబోయకుండా, వీటితో ఏం చెయ్యొచ్చు అని ఆ కంపెనీలు వెతుకుతూనే ఉన్నాయి. సీఎంపీ నుంచి సిటికోలిన్ వచ్చింది. మన ఊళ్ళల్లో పక్షవాతం వచ్చినవాళ్ళ చీటీలో తరచూ కనబడే మందు అది. యూఎంపీలో ఉన్నది యూరిడిన్. దానికి దగ్గర చుట్టం సూడోయూరిడిన్. ఎంఆర్ఎన్ఏలో మామూలు యూరిడిన్ బదులు ఈ రకం పెడితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాని మీద విరుచుకుపడదని కారికో, వైస్‌మన్ 2005లో చూపించారు. దానికే 2023లో నోబెల్ వచ్చింది. 2020 చివర్లో మొదలైన ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాల వెనక ఉన్నది ఈ కిటుకే. ఆ టీకాలకి కావాల్సిన సూడోయూరిడిన్ ఎవరు చేస్తారా అని విలేఖరులు ఆరా తీసినప్పుడు బయటపడిన పేర్లలో ఒకటి యమాసా. చోషి ఊళ్ళో 1645 నుంచి సోయా సాస్ పులియబెడుతున్న ఆ కంపెనీయే.